వీలునామాలో తప్పు ఎవరిది? న్యాయస్థానాల అన్వయం, తెలుగు వాక్యం

వీలునామా అమలుకు వచ్చేనాటికి దాన్ని రాయించినవాడు ఉండడు. విక్రయ దస్తావేజులో మాట తేడా వస్తే ఇచ్చినవారినీ పుచ్చుకున్నవారినీ పిలిచి అడగవచ్చు, సవరణ దస్తావేజు రాయించుకోవచ్చు. వీలునామాకు ఆ వెసులుబాటు లేదు. ఒక మనిషి చివరి కోరిక ఏమిటో తేల్చడానికి మిగిలేవి ఆ కాగితం మీది మాటలు, వాటిని చదివే న్యాయమూర్తి. చదివి అర్థం తేల్చే ఈ పనిని అన్వయం అంటారు. పద్యానికి అర్థం చెప్పే పండితుడు తన పనికి పెట్టుకున్న పేరూ అదే. పేరు కలవడం యాదృచ్ఛికం కాదు, పని ఒకటే కనుక కలిసింది. అయినా ఆ పనిలో తెలుగు శాఖలకు ఇవాళ భాగం లేదు. భాగం అడగాలన్న ఆలోచన కూడా మనకు వచ్చినట్టు లేదు.

వీలునామాల్లో తప్పులుగా న్యాయస్థానాల ముందుకు వచ్చేవాటిలో రెండు వేరు వేరు జాతులు ఉన్నాయని నా వాదన. ఒకటి లేఖరి చేతి పొరపాటు: పేరు మారడం, అంకె జారడం, మాట తప్పిపోవడం. రెండవది తప్పే కాదు. తెలుగు వాక్యం తన నియమం ప్రకారం సక్రమంగా చెప్పినదాన్ని ఆంగ్లంలోకి దించినప్పుడు అక్కడ పుట్టిన అస్పష్టత అది. మొదటిదానికి చట్టం మంచి చికిత్సనే ఏర్పరచింది. ఆ చికిత్సనే రెండవదానికీ చేస్తే ఆరోగ్యంగా ఉన్న అవయవాన్ని కోసినట్టు అవుతుంది. ఏది ఏ జాతిదో చెప్పవలసినవారు భాష తెలిసినవారు. వారు మౌనంగా ఉన్నారు.

ముందు చట్టం సంగతి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో 74వ సెక్షను మొదలుకొని వీలునామాల అన్వయానికి ఒక అధ్యాయమే ఉంది. 1927 జనవరి 1 నుంచి హిందువులు రాసిన వీలునామాలన్నిటికీ ఈ సెక్షన్లు వర్తిస్తున్నాయి. పారిభాషిక పదాలు వాడనక్కరలేదు, ఉద్దేశం తెలిస్తే చాలునని 74 చెబుతుంది. పేరు తప్పైనా మనిషి ఎవరో తెలిసిపోతే ఆస్తి అతనికే చెందుతుంది (76). సందర్భాన్ని బట్టి స్పష్టంగా తెలిసే లుప్తపదాన్ని పూరించుకోవచ్చు (77). ఒక కూతురికి అయిదు వందల రూపాయలు అని, మరో కూతురికి ఉత్తి అయిదు వందలు అని రాస్తే ఆ రెండవదీ రూపాయలే. ఆస్తి వర్ణనలో ఒక విశేషణం తప్పైతే దాన్ని తీసివేసి మిగిలినదాన్ని నిలబెట్టవచ్చు (78). మాట స్పష్టంగా ఉండి, లోకంలో ఆ మాటకు సరిపోయేవారు ఇద్దరు కనిపిస్తే బయటి సాక్ష్యం తీసుకోవచ్చు (80). అస్పష్టత కాగితం మీదనే కనిపిస్తుంటే మాత్రం బయటి సాక్ష్యం చెల్లదు (81). ఏ అర్థమూ తేలకపోతే ఆ దానం రద్దు (89).

గ్రంథ పరిష్కరణతో పరిచయం ఉన్నవారెవరికైనా ఇది తెలిసిన ఇల్లే. 77 మన అధ్యాహారం. 78 ప్రక్షిప్త నిరాకరణకు దగ్గరి చుట్టం. తాళపత్ర ప్రతిలో లేఖక దోషాన్ని దిద్దే పరిష్కర్త ఎంతవరకు చేయి చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు ఈ సెక్షన్లు ఇచ్చిన సమాధానాలు నాకు చాలావరకు సమ్మతమే. నా తగవు చట్టంతో కాదు, చట్టాన్ని ఏ పాఠానికి వర్తింపజేస్తున్నామన్న దానితో.

ఇంగ్లండుతో పోల్చి చూస్తే మన చిక్కు తెలుస్తుంది. అక్కడ ఒక దంపతులు ఒకే తీరు వీలునామాలు రెండు రాయించుకుని, న్యాయవాది పొరపాటు వల్ల 1999లో ఒకరి కాగితం మీద మరొకరు సంతకం చేశారు. భర్త కూడా పోయాక గాని ఆ సంగతి బయటపడలేదు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వీలునామాను దిద్ది నిలబెట్టింది. అలా దిద్దే అధికారాన్ని 1982 నాటి చట్టం అక్కడి న్యాయస్థానాలకు ఇచ్చింది. రాతలో జారిన తప్పును గాని, లేఖరి యజమాని మాటను అపార్థం చేసుకోవడం వల్ల వచ్చిన తప్పును గాని సవరించవచ్చు. మన వారసత్వ చట్టంలో అన్వయానికి అధ్యాయం ఉంది కాని అటువంటి సవరణాధికారపు సెక్షను లేదు. కనుక అక్కడ అన్వయం, సవరణ పంచుకునే బరువును ఇక్కడ అన్వయం ఒక్కటే మోస్తున్నది. ఇంత బరువు మోసే అన్వయం మూలభాషలో జరగాలా, అనువాదంలో జరగాలా?

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఆంగ్లంలో నడుస్తాయి. తెలుగు వీలునామా పై కోర్టుకు చేరేటప్పుడు ఆంగ్లానువాదాన్ని వెంటబెట్టుకుని వెళుతుంది. తెలుగు న్యాయమూర్తులు మూలం చదవగలరు, చదువుతారు కూడా; దాన్ని కాదనడం అన్యాయం. కాని తీర్పు రాసే భాష ఆంగ్లం, ఉదాహరించే పూర్వతీర్పులు ఆంగ్లం, వాదన నడిచేది ఆంగ్లంలో. ఢిల్లీ ధర్మాసనంలో తెలుగు వచ్చినవారు ఉండాలన్న నియమం ఎలాగూ లేదు. చివరికి మిగిలే పాఠం అనువాదమే. ఆ అనువాదకుడు ఎవరు, ఏ ప్రాంతం వాడు, పాత దస్తావేజుల భాష ఎంత చదివాడు అన్న ప్రశ్నలు వేసే అలవాటు ఎవరికీ లేదు.

ఈ అలవాటు లేకపోవడం వెనుక పాత చరిత్ర ఉంది. భారతీయుల దస్తావేజులను ఉదారంగా అన్వయించాలనీ, అక్షరార్థం కన్న అసలు ఉద్దేశం చూడాలనీ 1856లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఇది దయగా కనిపిస్తుంది. సుశిక్షితుడైన న్యాయవాది రాయనందున మొఫసిల్ దస్తావేజును గట్టిగా చదవరాదని భావం. నిజంగా లేఖరి తడబడిన చోట ఈ దయ మేలే చేసింది. కాని దీని అడుగున ఒక నమ్మకం దాగి ఉంది: దేశభాషల్లో రాసిన వాక్యానికి కచ్చితత్వం ఉండదు, కచ్చితంగా చదివితే ఏదీ తేలదు. కచ్చితత్వం లేదనుకున్న చోట ఏర్పడిన ఖాళీని దేనితోనో నింపాలి. దాన్ని ఆచారంతో నింపారు.

1874లో ప్రీవీ కౌన్సిల్ ముందు ఒక వీలునామా వచ్చింది. అందులో ఆస్తి విధవ అయిన కోడలికి దక్కింది. హిందువు వీలునామాను చదివేటప్పుడు హిందువుల సాధారణ కోరికలను గమనించాలి, ఆస్తి కుటుంబంలోనే నిలవాలని హిందువు కోరుకుంటాడు, స్త్రీకి సంపూర్ణ హక్కు రావడం సామాన్యం కాదు అన్న తర్కంతో ఆమె హక్కును పరిమితం చేశారు. దాని తరవాత దశాబ్దాల పాటు స్త్రీ పేరు కనిపించగానే వీలునామాలోని మాట తన శక్తిని కోల్పోయింది. 1908లో 'మాలిక్' అన్న ఒక్క మాట దగ్గర ప్రీవీ కౌన్సిల్ ఆగి ఆలోచించింది. సందర్భంలో తగ్గించే మాట ఏదీ లేనప్పుడు ఆ మాటకు పూర్తి యాజమాన్యమే అర్థం, గ్రహీత స్త్రీ అయినంత మాత్రాన అది తగ్గదు అని తేల్చింది. 1950లో రామ్ గోపాల్, నంద్ లాల్ కేసులో మన సుప్రీంకోర్టు 'తమ్లీక్' అన్న ఉర్దూ మాట విషయంలో అదే దారి పట్టింది. అధికారం విడిగా రాయకపోతే స్త్రీకి సంపూర్ణ హక్కు రాదనడానికి ఆధారం లేదని తెగేసి చెప్పింది. ఆ రెండు తీర్పుల్లోనూ జరిగిందేమిటి? మూలభాషలోని మాటను మూలభాషలోని విలువతో చదివారు. అంతకుమించి ఏ మహిమా లేదు.

ఉర్దూ, హిందుస్తానీలకు దక్కిన ఆ శ్రద్ధ తెలుగు వాక్యానికి ఎంత అవసరమో నాలుగైదు ఉదాహరణలతో చూపిస్తాను. వాక్యాలు నేను కూర్చినవి, ఏ కేసులోవీ కావు. అయితే వీటిలోని పలుకుబడి పాత దస్తావేజులు చదివినవారికి కొత్త కాదు.

'మా తూర్పు పొలము నా భార్యకు చెందవలెను' అని ఒకడు రాయించాడనుకుందాం. మా ఇల్లు, మా ఊరు, మా ఆవిడ: తెలుగులో ఇవి ఏకవచన స్వామ్యాన్ని చెప్పే మర్యాదైన తీరు. మా ఆవిడ అన్నవాడు ఆమెకు పలువురు భర్తలున్నారని చెప్పడం లేదు. కాని 'మా'ను ఆంగ్లంలోకి మార్చగానే అది ఉమ్మడి స్వామ్యం అవుతుంది. స్వార్జితాన్ని మొత్తంగా వీలునామా రాసే హక్కు మనిషికి ఉంది; ఉమ్మడి ఆస్తిలోనైతే తన వాటాకే రాయగలడు. ఆ పొలం ఉమ్మడిదని వాదించే దాయాదికి అనువాదం ఒక ఒప్పుకోలు పత్రం చేతికిచ్చినట్టే. వీలునామా రాసినవాడే 'మన పొలము' అని ఉంటే సంగతి వేరు. శ్రోతను కలుపుకునే 'మన', కలుపుకోని 'మా' మధ్య తెలుగు స్పష్టమైన గీత గీసింది. ఆంగ్లానికి ఆ గీతే లేదు. ఇక్కడ తప్పు ఎవరిది?

బంధువాచకాల దగ్గర చట్టం తన పుట్టుకను దాచుకోలేదు. 80, 81 సెక్షన్లకు ఇచ్చిన ఉదాహరణల్లో మేరీలు, కరొలైన్లు, అత్తో పిన్నో తెలియని ఆంటీలు ఉన్నారు. కజిన్ అన్న ఒకే మాటలో పెదనాన్న కూతురు, మేనమామ కూతురు ఒదిగిపోయారు. తెలుగులో వారిలో ఒకరు అక్క, మరొకరు వదిన. ఒకరు తోబుట్టువు వరస, మరొకరు పెళ్ళాడదగిన వరస. మన బంధువాచకాలు చాలా చోట్ల ఆంగ్లం కన్న నిశితమైనవి. కొన్ని చోట్ల విశాలమైనవి కూడా. 'మనుమడు' కొడుకు కొడుకూ కావచ్చు, కూతురి కొడుకూ కావచ్చు. పౌత్రుడు, దౌహిత్రుడు అని సంస్కృతం వేరు చేసినదాన్ని తెలుగు కలిపే ఉంచింది. లేఖరి 'పుత్రపౌత్ర పారంపర్యముగా' అని ఒక పంక్తిలోనూ 'నా మనుమలకు' అని మరొక పంక్తిలోనూ రాస్తే, ఆ రెండు మాటల వెడల్పు ఒకటి కాదు. మొదటిది స్థిరపడిన పడికట్టు. వంశానుగత సంపూర్ణ హక్కును సూచించే మాటలుగా దాన్ని 19వ శతాబ్దంలోనే న్యాయస్థానాలు గుర్తించాయి. రెండవది నోటి మాట, అందులో కూతురి పిల్లలకూ చోటు ఉంది. మొదటి మాట కొలతతో రెండవ మాటను కొలిస్తే కూతురి బిడ్డల వాటా పోతుంది.

బిడ్డ అన్నాను కనుక అదీ చెప్పాలి. కోస్తాలో బిడ్డ అంటే సంతానం. తెలంగాణలో 'నాకొక కొడుకు, ఒక బిడ్డ' అన్నవారు బిడ్డ అన్న మాటతో కూతురినే చెబుతున్నారు. కరీంనగర్ పల్లెలో ఒక తండ్రి 'బావి కింది మడి నా బిడ్డకు' అని రాయిస్తే అందులో అస్పష్టత లేదు, కూతురికి ఇచ్చాడు. కోస్తా అనువాదకుడి చేతిలో అది సంతానంలో ఒకరికి అవుతుంది, ఎవరికో తెలియనిది అవుతుంది, 89వ సెక్షను గడప దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. మాండలిక పటాలు గీసే మనకు ఈ భేదం మొదటి తరగతి పాఠం. న్యాయస్థానానికి అది చేరే దారి లేదు.

సర్వనామాల్లో 'తన' సంగతి మరీ విచిత్రం. 'నా తమ్ముడు నా పెద్ద కుమారునికి తన వాటా ఇంటిని ఖాళీచేసి ఇవ్వవలెను.' ఆ వాటా తమ్ముడిది. కుమారుడిదైతే 'వాని వాటా' అని ఉండేది. వాక్యంలోని కర్తను 'తన' వెతికి పట్టుకుంటుంది. ఆంగ్లంలో రెంటికీ ఒకే సర్వనామం. మూలంలో లేని అస్పష్టత అనువాదం పైనే కనిపిస్తుంది. కాగితం మీదే కనిపించే అస్పష్టతకు బయటి సాక్ష్యం పనికిరాదని 81 అడ్డుపడుతుంది. అనువాదం చేసిన గాయానికి మూలం చచ్చిపోవాలి! అయితే ఇక్కడ మనం కూడా తొందరపడి నియమాన్ని శిలాక్షరం చేయకూడదు. ఇటీవలి తరాల మాటల్లో 'తను' కర్తను చూడకుండా అతడు, ఆమె అన్న అర్థంలోనూ వినిపిస్తున్నది. 1935 నాటి వీలునామాలోని 'తన', 2015 నాటి వీలునామాలోని 'తన' ఒకే బరువు మోయకపోవచ్చు. ఏ కాలంలో, ఏ ప్రాంతంలో, ఎటువంటి లేఖరి చేతిలో ఏ విలువ అన్నది పరిశోధించి చెప్పవలసిన విషయం. ఊహించి చెప్పేది కాదు.

ఆస్తి ఎక్కువగా చేతులు మారేది అసమాపక క్రియల దగ్గర. ఈ రెండు వాక్యాలు చూడండి. 'నా భార్య తన జీవితాంతము అనుభవించి నా కుమారులకు ఇవ్వవలెను.' 'నా భార్య తన జీవితాంతము అనుభవించిన పిమ్మట నా కుమారులు పొందవలెను.' ఆంగ్లంలో రెండూ సులువుగా ఒకే వాక్యం అయిపోతాయి: భార్యకు జీవితకాలం, తదుపరి కుమారులకు. తెలుగులో ఒకటి కావు. మన వ్యాకరణాలు క్త్వార్థకం అని పిలిచే 'అనుభవించి' సాధారణంగా సమాపక క్రియ కర్తనే తన కర్తగా ఉంచుకుంటుంది. అంటే మొదటి వాక్యంలో ఇచ్చేది భార్య. ఇవ్వడానికి ముందు ఆమెకు ఇవ్వగల హక్కు ఉండాలి. 'ఇవ్వవలెను' అన్నది ఆజ్ఞా, ఆకాంక్షా అన్న ప్రశ్న వేరే ఉంది. రెండవ వాక్యంలో కుమారులకు తండ్రి నుంచే హక్కు వస్తుంది, తల్లి నడుమ అనుభవదారు మాత్రమే. తల్లి కన్న ముందు ఒక కొడుకు చనిపోయాడనుకోండి. అతని భార్యాపిల్లలకు వాటా ఉందా లేదా అన్నది ఈ ఒక్క క్రియారూపం మీద తేలవచ్చు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను వచ్చాక ఈ తేడా ఇంకా పదునెక్కింది. వీలునామా ద్వారా పరిమిత హక్కు ఇచ్చి ఉంటే అది పరిమితంగానే ఉంటుందని రెండవ ఉపసెక్షను. స్త్రీకి అంతకుముందే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి అయితే సంపూర్ణమవుతుందని ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్ళిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు తీర్పు. ఈ రెంటి నడుమ నిలబడిన విధవ భవిష్యత్తు 'అనుభవించి' చివర ఉన్న ఇకారం మీద ఆధారపడవచ్చునంటే అతిశయోక్తి కాదు.

ఏకకర్తృక నియమానికీ మినహాయింపులున్నాయని నాకు తెలుసు. 'వానలు కురిసి పంటలు పండాయి' అన్నది నిక్కమైన తెలుగు. కార్యకారణ సంబంధం ఉన్న చోట కర్త మారవచ్చు. కనుక లేఖరి వాక్యం ఏ కోవకు చెందుతుందో ఆ వీలునామాలోని తక్కిన వాక్యాలను చూసి, అదే లేఖరి రాసిన ఇతర దస్తావేజులను చూసి నిర్ణయించాలి. వీలునామా అర్థం దాని మొత్తం నుంచి తీయాలని 82వ సెక్షను చెబుతున్నది కూడా. మొత్తం అంటే అనువాదం మొత్తం కాదు కదా.

88వ సెక్షను దగ్గర ఇంకో చిక్కు. పరస్పర విరుద్ధమైన రెండు ఖండికలు ఉంటే వీలునామాలో చివరిది నిలుస్తుంది. దాన విక్రయ పత్రాల్లో ఇందుకు భిన్నంగా ముందుదే నిలుస్తుంది. కాని 'నేను' అని మొదలై క్త్వార్థకాలూ శత్రర్థకాలూ ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నాలుగు పుటలు నడిచి, 'వ్రాయించి యిచ్చిన వీలునామా' దగ్గర గాని ఆగని పాత తెలుగు దస్తావేజులో ఖండిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? విరామచిహ్నం ఒక్కటి ఉండదు. దాన్ని ఒకటి, రెండు, మూడు అని పేరాలుగా విరిచింది అనువాదకుడు. ఏది చివరి ఖండికో నిర్ణయించినవాడు కూడా, తెలియకుండానే, అతడే.

సర్వే నంబర్లు, హద్దులు, విస్తీర్ణాలు తారుమారవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అవి నిజమైన లేఖక దోషాలు. హద్దులకూ విస్తీర్ణానికీ పొసగనప్పుడు హద్దులే ప్రమాణమన్న సూత్రం చాలావరకు న్యాయం చేస్తున్నది. అక్కడ మనతో పని లేదు.

ఇక ఆక్షేపణలు. లేఖరి రాసే భాష లేఖరిది, చనిపోయినవాడిది కాదు. 'సర్వహక్కులతో', 'దానవిక్రయాది సర్వాధికారములతో' అన్నవి నమూనా నుంచి దిగిన మాటలు. వాటికి వ్యాకరణ సూక్ష్మాలు పట్టించి రాయించినవాడి మనసు తెలుసుకోవడం సాధ్యమా? బలమైన ఆక్షేపణే. దీనికి సమాధానం వ్యాకరణాన్ని వదిలేయడం కాదు, పడికట్టును పడికట్టుగా గుర్తించడం. శాసనం చివర శాపవచనాలు చూసి ఆ రాజు ప్రత్యేకించి కోపిష్ఠి అని మనం రాయం. అది ఆ ప్రక్రియ లక్షణమని మనకు తెలుసు, ఎందుకంటే వందల శాసనాలు పక్కపక్కన పెట్టి చదివాం. దస్తావేజులనూ అలా చదివితే ఏ మాట నమూనాలోదో, ఏ మాట రాయించినవాడు పట్టుబట్టి చేర్పించిందో చెప్పగలుగుతాం. నమూనా నుంచి తప్పుకున్న చోటనే మనిషి గొంతు వినిపిస్తుంది.

రెండవ ఆక్షేపణ మన వైపు నుంచే వస్తుంది: ఇదంతా మీమాంసలో ఉందిలే అని. 1905లో కిశోరీలాల్ సర్కార్ ఠాగూర్ న్యాయోపన్యాసాలు మీమాంసా అన్వయ నియమాల మీదనే ఇచ్చారు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, ఉపపత్తి వంటి తాత్పర్య లింగాలు 82వ సెక్షనుకు అందంగా సరిపోతాయి. 88వ సెక్షనుకు అపచ్ఛేద న్యాయం, దాన పత్రాలకు ఉపక్రమ న్యాయం గుర్తుకు వస్తాయి. పోలిక బాగుంది, కాని పోలికతో పొలం తేలదు. మీమాంస వేదవాక్యాన్ని అపౌరుషేయమని నమ్మి చదివింది. వక్త ఉద్దేశం అన్న ప్రశ్నే అక్కడ లేదు. వీలునామాలో ఉన్నదంతా వక్త ఉద్దేశమే. పైగా ఆ న్యాయాలు సంస్కృత వాక్యానివి. తెలంగాణ 'బిడ్డ' గురించి జైమినికి తెలియదు. మన పూర్వులు అన్నీ చెప్పారన్న తృప్తి, మనం చేయవలసిన పని చేయకపోవడానికి సాకు అవుతున్నది.

నిజానికి పూర్వులను తలచుకోవలసిన కారణం వేరొకటి ఉంది. తెలుగులో తొలి వ్యాకరణం 'ఆంధ్రభాషాభూషణము' రాసిన కేతనే మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు చేశాడు. 13వ శతాబ్దంలో వ్యాకరణమూ వ్యవహారధర్మమూ ఒకే మనిషి బల్ల మీద ఉన్నాయి. 19వ శతాబ్దంలో వేమనను, ప్రబంధాలను పరిష్కరింపజేసిన బ్రౌన్ తెలుగు జిల్లాల్లో న్యాయాధికారిగా పనిచేసినవాడు. కచేరీ కాగితాల్లో దొర్లే మాటల కోసమే సాహిత్య నిఘంటువుకు తోడు మిశ్రభాషా నిఘంటువును, జిల్లా నిఘంటువును వేరుగా వేయించాడు. ఆ బల్లను రెండుగా విరిచి, సగం న్యాయ కళాశాలకు పంపి, మిగిలిన సగం మీద కావ్యాలు మాత్రమే పెట్టుకున్నది మనమే.

విడ్డూరమేమంటే మన గర్వానికి మూలమైన పాఠాలు చాలావరకు ఆస్తి పత్రాలు. రేనాటి చోళుల నాటి నుంచి శాసనాలు నమోదు చేసింది ప్రధానంగా దానాలను: ఏ పన్నస ఎవరికి, హద్దులు ఏవి, సాక్షులు ఎవరు. 2008లో వచ్చిన ప్రాచీన హోదా వెనుక ఆ భూదాన పత్రాల ప్రాచీనత కూడా ఉంది. వెయ్యేళ్ళ కిందటి దానపత్రంలో ఒక విభక్తి ప్రత్యయం మీద ముప్పై పుటల వ్యాసం రాస్తాం, అది ఈ పత్రికలోనే అచ్చవుతుంది. 1938లో ఒక రైతు రాయించిన వీలునామాలోని విభక్తి ప్రత్యయం మీద మనుమరాలి ఇల్లు ఆధారపడి ఉంటే అది భాషాపరిశోధన కాదు, కోర్టు వ్యవహారం అంటాం. వృత్తిపదకోశాల వరుసలో తొలి సంపుటం 1962లో వ్యవసాయం మీద వచ్చింది, తరవాత చేనేత వచ్చింది. నాగలికీ మగ్గానికీ దక్కిన ఆ శ్రద్ధ దస్తావేజు లేఖరి కలానికీ దక్కాలి. సబ్ రిజిస్ట్రారు కచేరీ ముందు చెట్టు కింద కూర్చున్నవాడు కూడా తెలుగు గద్యకారుడే. ఏ కథకుడి గద్యానికీ లేని అధికారం అతని గద్యానికి ఉంది: అది ఒకరిని ఇంటివారిని చేస్తుంది, ఒకరిని వీధిలో నిలబెడుతుంది.

న్యాయస్థానం మన మాట వింటుందా అని అడుగుతారు. వినే తలుపు 1872 నుంచీ తెరిచే ఉంది. దస్తావేజుల్లోని దుర్గ్రాహ్య అక్షరాలకు, వాడుక తప్పిన మాటలకు, ప్రాంతీయ పదాలకు, పారిభాషికాలకు అర్థం చెప్పే సాక్ష్యం ఇవ్వవచ్చునని సాక్ష్య చట్టం 98వ సెక్షను స్పష్టంగా చెప్పింది. దాని స్థానంలో 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ నిబంధనను ఉంచింది. వీలునామాల విషయంలో వారసత్వ చట్టపు నియమాలకు భంగం కలగరాదన్న షరతు మాత్రం ఉంది. 'బిడ్డ'కు అర్థం చెప్పడం ఆ నియమాలకు భంగం కాదు. ఉద్దేశాన్ని రాసిన మాటలోనే వెతకడం అది. దస్తూరీ పోల్చే నిపుణుడు బోనెక్కుతున్నాడు, వేలిముద్రల నిపుణుడు ఎక్కుతున్నాడు. వాక్యం తెలిసినవాడు ఎక్కడ? డబ్బిచ్చినవారి వైపు మాట్లాడే నిపుణులు పుట్టుకొస్తారన్న భయం ఉంది. దస్తూరీ నిపుణుల విషయంలోనూ ఆ భయం ఉంది. అందుకు విరుగుడు అందరూ సరిచూసుకోగల దత్తాంశం. ఒక మాటకు గోదావరి జిల్లాల్లో 1920లలో ఈ అర్థం అని చెప్పినవాడు ఏ పత్రాల ఆధారంతో చెప్పాడో ఎదుటి పక్షం తిరగేసి చూడగలగాలి.

ఆ పత్రాలు ఎక్కడున్నాయో కూడా వెతకనక్కరలేదు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు కనుక చాలా భాగం ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో ఉండిపోయింది. కాని రిజిస్టరు చేయించినవి సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో మూడవ నంబరు పుస్తకంలో ఉన్నాయి. రాయించినవారు బతికి ఉన్నంత కాలం వారికి తప్ప మరెవరికీ నకలు ఇవ్వరు. వారు మరణించాక, 1908 రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను కింద, దరఖాస్తు పెట్టిన ఎవరికైనా నకలు ఇవ్వాలి. దరఖాస్తు పెట్టేవారిలో తెలుగు పరిశోధకుడు ఉండరాదని ఆ సెక్షనులో లేదు.